జియోథర్మల్ ఏసీ కొటేషన్: 5 టన్నుల ఇంటికి, హైదరాబాద్ రాయి మీద

బ్రోషర్ అట్ట మీద లావా కక్కుతున్న కొండ బొమ్మ. లోపల అమ్ముతున్నది మాత్రం ఏసీ: ఇంటి వేడిని బయటి గాలిలోకి కాకుండా, బోర్లలో దించిన పైపుల్లో తిరిగే నీటితో నేలలోకి పంపేది. నగర శివార్లలో కొత్తగా కడుతున్న ఇండిపెండెంట్ ఇళ్లకూ విల్లాలకూ ఈమధ్య ఇలాంటి ప్యాకేజీలు వస్తున్నాయి. ఇక్కడ సమీక్షిస్తున్నది అలాంటి ఒక 5 టన్నుల కొటేషన్. కంపెనీ పేరుతో పని లేదు, లోపాలు ఆ ఒక్కరివే కావు కాబట్టి.

తీర్పు ముందే చెప్పేస్తే: ఈ పద్ధతి మోసం కాదు, పనిచేస్తుంది. కానీ ఈ కొటేషన్‌కు ఉన్నదున్నట్టుగా సంతకం పెడితే, మే నెల మధ్యాహ్నం ఇది గోడకు తగిలించిన స్ప్లిట్ ఏసీ కంటే పెద్దగా మెరుగ్గా ఉండదు. తప్పు యంత్రంలో లేదు. బోరు గొయ్యిని దేంతో పూడుస్తారన్న దగ్గర ఉంది.

కాగితం మీద ఉన్నవి ఇవీ. 110 మీటర్ల లోతు బోర్లు 4, ఆరున్నర అంగుళాల వ్యాసం. ఒక్కోదాంట్లో 32 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) యు-లూప్, అంటే అడుగుదాకా దిగి మలుపు తిరిగి పైకొచ్చే పైపు; రకం పీఈ100, ఎస్‌డీఆర్ 11. బోరు పూడ్చడానికి బెంటొనైట్ (నీటిలో ఉబ్బే బంకమట్టి) 25 కిలోల సంచులు 20. 5 టన్నుల హీట్ పంపు (అసలు ఏసీ యంత్రం ఇదే), 'సీఓపీ 5.2'. నీళ్లు తిప్పడానికి ఒక హార్స్‌పవర్ పంపు. ఏసీ వదిలే వేడిలో కొంతతో నీళ్లు కాచే డీసూపర్‌హీటర్, 200 లీటర్ల ట్యాంకు. బోరు రాతిలోకి వేడిని ఎంత బాగా పంపుతుందో కొలిచే థర్మల్ రెస్పాన్స్ టెస్ట్ 'కావాలంటే అదనం'. పైపుకు 50 ఏళ్ల వారంటీ, కంప్రెసర్‌కు 5 ఏళ్లు.

వీటిలో పైపు సరిగ్గా ఉంది. ఎస్‌డీఆర్ 11 అంటే పైపు బయటి వ్యాసం గోడ మందానికి 11 రెట్లు. పీఈ100లో అది 16 బార్ల పైపు. 110 మీటర్ల నీటి స్తంభం ఒత్తిడే 11 బార్లు, పైన వ్యవస్థ ఒత్తిడి మరో రెండు. డబ్బు మిగుల్తుందని ఎవరైనా ఎస్‌డీఆర్ 17 చూపిస్తే అది 10 బార్లదే, వద్దనాలి. మిగతా వరసల దగ్గరే మాట్లాడాల్సింది ఉంది.

లావా సంగతి

భూమి లోపలి వేడితో కరెంటు తీయడం వేరే వ్యవహారం. ఇటలీలోని లార్దెరెల్లోలో 1904లో భూమిలోంచి వచ్చే ఆవిరితో బల్బులు వెలిగించారు. దానికి మూడు కలిసి రావాలి: లోతున వేడి రాయి, ఆ రాయిలో నీరు, ఆ నీరు కదలడానికి దారి. రాయిలో ఖాళీ ఎంత ఉందో చెప్పేది సచ్ఛిద్రత, ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి నీటిని పోనిస్తాయా అన్నది పారగమ్యత. రెండూ ఒకటి కాదు. ఖాళీలు నిండా ఉన్నా అవి కలవకపోతే చుక్క కదలదు. మన రాష్ట్రంలో ఆ మూడూ కొంతవరకు కలిసింది గోదావరి లోయలో. మణుగూరు దగ్గర సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. అక్కడి నీటి వేడి టర్బైను తిప్పేంత ఆవిరినివ్వదు. అందుకే ఆ వేడితో త్వరగా మరిగే మరో ద్రవాన్ని ఆవిరి చేసి తిప్పుతారు. దాన్ని బైనరీ పద్ధతి అంటారు.

హైదరాబాద్ కింద ఉన్నది అలాంటి లోయ కాదు. ఖాజాగూడ, మౌలాలి గుట్టల్లో పైకి కనిపించే గ్రానైటే కిందా ఉంటుంది, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. చల్లారి, గట్టిపడి, కదలకుండా కూర్చున్న పాత ఖండపు ముక్క. లోతుకు పోయేకొద్దీ వేడి పెరిగే రేటును జియోథర్మల్ గ్రేడియెంట్ అంటారు. ప్రపంచ సగటు కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు. ఇక్కడ దాదాపు అందులో సగం. అంటే 100 మీటర్లు దిగితే పెరిగేది డిగ్రీన్నర. 'లోతుగా వేస్తే ఇంకా చల్లగా ఉంటుంది సార్' అనే మాట వినిపిస్తే ఈ లెక్క గుర్తుంచుకోవాలి. లోతుకు పోతే చల్లబడదు, కాస్త వేడెక్కుతుంది. లోతు కావాల్సింది చల్లదనం కోసం కాదు, పైపు పొడవు కోసం.

మరి బోరు నీళ్లు ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా ఎందుకుంటాయి? మారేది మన ఒళ్లు, నీళ్లు కాదు. పగటి వేడి గ్రానైట్‌లోకి కొద్ది అడుగులు కూడా దిగదు. ఏడాది పొడవునా వచ్చే హెచ్చుతగ్గులు కూడా 10-15 మీటర్లలోపే చచ్చిపోతాయి. ఆ కింద ఏడాదంతా ఒకటే ఉష్ణోగ్రత, ఊరి సగటు గాలి ఉష్ణోగ్రతకు కాస్త పైన. నగరంలో దాన్ని 29 డిగ్రీలు అనుకుందాం. స్వీడన్‌లో అది 10 లోపు ఉంటుంది, అక్కడివాళ్లు ఆ నేల నుంచి వేడి లాక్కుంటారు. మనం మన నేలలోకి వేడి పారబోస్తాం. కాబట్టి ఇక్కడ అమ్ముతున్నది నిజానికి భూమిలోంచి వచ్చే శక్తి కాదు, ఇంటి వేడిని దాచుకునే రాతి గోడౌను. కొటేషన్‌ను ఆ చూపుతోనే చదవాలి.

సీఓపీ 5.2 ఎక్కడిది?

సీఓపీ అంటే ఒక యూనిట్ కరెంటు తిని ఎన్ని యూనిట్ల వేడిని బయటికి మోస్తుందో ఆ నిష్పత్తి. యంత్రానికి వచ్చే నీరు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ. హీట్ పంపులకు ఐఎస్ఓ 13256-1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం భూమి లూప్‌తో నడిచే యంత్రాన్ని చల్లబరిచే పనిలో 25 డిగ్రీల నీటితో పరీక్షిస్తారు. బయట ఎండ మండుతుండగా 29 డిగ్రీల రాయిలో తిరిగి వచ్చే నీరు 25కు ఎలా వస్తుంది? రాదు. ఇక్కడ వేసవిలో వచ్చేది 35, 36. 25 దగ్గర 5 దాటిన యంత్రమే 35 దగ్గర 4కు దిగుతుంది. తయారీదారు పట్టికలో 30, 35, 40 డిగ్రీల వరసలు కూడా ఉంటాయి. అమ్మే వ్యక్తి తెచ్చిన ఒక్క అంకెను పక్కనపెట్టి ఆ పేజీ అడగండి. పేజీ లేదంటే యంత్రం ఎవరు చేశారో వాళ్లకే తెలియదన్నమాట.

5 టన్నులంటే 17.6 కిలోవాట్ల వేడి. సీఓపీ 4 అయితే కంప్రెసర్ తినేది 4.4 కిలోవాట్లు. అదీ వేడిగా మారి నీళ్లలోకే పోతుంది. మొత్తం బోర్లలోకి దిగేది 22 కిలోవాట్లు. 440 మీటర్ల బోరు మీద పంచితే మీటరుకు 50 వాట్లు. ఈ అంకె ఒక్కటి చేతిలో ఉంటే మిగతా లెక్కలన్నీ ఎవరైనా వేసుకోవచ్చు.

20 సంచుల కథ

నీటిలోంచి రాతిలోకి వేడి పోవాలంటే మధ్యలో రెండు అడ్డంకులు: పైపు గోడ, పైపుకూ రాతికీ మధ్య నింపిన పదార్థం. ఈ రెంటినీ కలిపి బోరు ఉష్ణనిరోధం అంటారు. మీటరుకు ఒక వాటు పంపితే ఎన్ని డిగ్రీలు ఖర్చవుతుందో అది చెబుతుంది. చక్కగా చేసిన బోరుకు 0.1. నాసిరకానిది 0.2, పైన కూడా. చూడ్డానికి దశాంశాలే. కానీ మీటరుకు 50 వాట్లతో గుణించండి: మొదటిదాంట్లో 5 డిగ్రీలు పోతాయి, రెండోదాంట్లో 10.

మే నెలలో రోజుకు 8 గంటలు నడిపితే ఏమవుతుందో చూద్దాం. రాయి 29. బోరు నిరోధం దగ్గర 5. రోజంతా పారబోయడం వల్ల బోరు గోడ దగ్గర రాయి వేడెక్కడం మరో 3, వేసవి మొదలైనప్పటి నుంచి పేరుకున్నది ఒక 2. లూప్‌లో సగటు నీరు 39, అందులో యంత్రం వైపు వచ్చేది 36. అదే నిరోధం 0.2 అయితే 41. బయట గాలి 41 ఉన్న రోజున 1,440 అడుగులు తవ్వి అదే 41ని ఇంట్లోకి తెచ్చుకున్నట్టు.

ఇప్పుడు సంచులు. ఆరున్నర అంగుళాల బోరులో రెండు 32 మిల్లీమీటర్ల పైపులు పోగా, మీటరుకు దాదాపు 20 లీటర్ల ఖాళీ మిగులుతుంది. 110 మీటర్లకు 2,200 లీటర్లు. నాలుగింటికి 8,800. సంచి బెంటొనైట్‌ను 100 లీటర్ల నీళ్లలో కలిపితే వచ్చే గ్రౌట్ (బోరు పూడ్చే ముద్ద) సుమారు 110 లీటర్లు. 20 సంచులకు 2,200 లీటర్లు. కొటేషన్‌లో ఉన్నది సరిగ్గా ఒక్క బోరుకు సరిపోయే సరుకు! మిగతా మూడింట్లో ఏం పోస్తారో కాగితం చెప్పదు. సైటు చెబుతుంది: బోరుబండి ఊదిపోసిన రాతిపొడి పక్కనే కుప్పగా ఉంటుంది, పారలూ ఉంటాయి. పైనుంచి పోసిన పొడి కింది దాకా దిగదు. 20, 30 అడుగుల దగ్గర పైపుల మధ్య ఇరుక్కుని వంతెన కడుతుంది, దాని కింద గాలి. గాలి ఉష్ణవాహకత 0.025, నీటిది 0.6, ఉత్త బెంటొనైట్‌ది 0.7-0.8, గ్రానైట్‌ది 3కు అటూ ఇటూ. గాలి ఉన్నచోట పైపు ఉన్నా లేనట్టే.

నిండుగా పోసినా ఉత్త బెంటొనైట్ చాలదు. సంచికి దాని నాలుగింతల బరువు సన్నని సిలికా ఇసుక కలిపితే వాహకత 1.5 దాకా వస్తుంది. ఇసుక కలిపిన గ్రౌట్‌ను మామూలు మడ్ పంపు లాగలేదు, ఇంపెల్లర్ అరిగి మధ్యలో ఆగిపోతుంది. పిస్టన్ పంపు కావాలి. అది లేని కాంట్రాక్టరు సహజంగానే ఇసుక వద్దంటాడు. ఎర్తింగ్ గుంతల్లో వేసే బెంటొనైట్‌ను ఇక్కడ వాడటం ఇంకో అలవాటు. అది తేమ పట్టి ఉంచడానికి పనికొస్తుంది, వేడి పంపడానికి కాదు. ఎండితే కుంచించుకుపోయి పైపు చుట్టూ సన్నని గాలి గొట్టం మిగులుస్తుంది.

బోరు వ్యాసం తగ్గించమని అడగండి. ఆరున్నరకు బదులు నాలుగున్నర అంగుళాలైతే మీటరుకు ఖాళీ 9 లీటర్ల లోపే. గ్రౌట్ సగానికి పైగా తగ్గిపోతుంది, నిరోధమూ తగ్గుతుంది. నీళ్ల బోరుకు ఆరున్నర కావాలి, మోటారు దిగాలి కాబట్టి. లూప్‌కు ఆ అవసరం లేదు. ఆరున్నర రాయడానికి కారణం వాళ్ల దగ్గరున్న బిట్టు అదే కావడం తప్ప ఇంకేం లేదు.

'స్వీడన్‌లో గ్రౌటే పోయరు, బోరులో నీళ్లే ఉంటాయి' అనే సమాధానం రావచ్చు. నిజమే. అక్కడి గ్రానైట్ బోర్లలో నీళ్లు పైదాకా నిలిచి ఉంటాయి. మన నగరంలో మే వచ్చేసరికి నీటిమట్టం పదుల అడుగులు దిగిపోతుంది. ఏ నెలలో ఏసీ ఎక్కువ కావాలో ఆ నెలలోనే బోరు పైభాగం గాలితో ఉంటుంది.

బోరుబండి వచ్చిన రోజు

పైన ఎర్రమట్టి, ఆ కింద మొరం, తర్వాత చేత్తో నలిగే మెత్తరాయి. పుస్తకాల్లో దీన్ని శైథిల్య మండలం అంటారు: గ్రానైట్ లోపలి ఫెల్డ్‌స్పార్ నీళ్లకు కుళ్లి మట్టిగా మారిన భాగం. గట్టిరాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించాలి, లేకపోతే గోడ కూలి లూప్ సగంలోనే ఆగిపోతుంది. తర్వాత వచ్చే పొడి బూడిదరంగులోనో గులాబీ ఛాయలోనో ఉంటే గ్రానైట్. ఉన్నట్టుండి నల్లగా, బరువుగా మారితే డోలరైట్ డైక్ తగిలినట్టు: గ్రానైట్ పగుళ్లలోకి ఎప్పుడో ఎక్కి గట్టిపడిన నల్లరాయి గోడ. దాని వాహకత తక్కువ. ఆ బోరును లెక్కలో మిగతావాటితో సమానంగా వేయకూడదు.

పగులు తగిలితే నీళ్లు ఎగజిమ్ముతాయి. నీళ్ల బోరైతే పండగ, ఇక్కడ కాదు. కదిలే నీరు వేడిని మోసుకుపోవడం లాభమే. కానీ పోసిన గ్రౌట్ కూడా ఆ పగులులోకే పోతుంది. 2,200 లీటర్లు పోసినా పైకి రాకపోతే అక్కడే ఆగి, ముతక ఇసుకతో ఆ చోటు కట్టి, మళ్లీ మొదలుపెట్టాలి.

లోతు లెక్క రాడ్డుల మీద తెలుస్తుంది. 20 అడుగుల రాడ్డు అయితే 110 మీటర్లకు 18. మొదటి రాడ్డును టేపుతో కొలిచి, ఆ తర్వాత దిగే ఒక్కో రాడ్డుకూ గోడ మీద సుద్దతో గీత పెట్టించండి. ఇంకో సాక్ష్యం పైపు మీదే ఉంటుంది: హెచ్‌డీపీఈ కాయిల్ మీద ప్రతి మీటరుకూ అంకె అచ్చువేసి ఉంటుంది. కిందనుండే యు-బెండ్ ఫ్యాక్టరీలో అతికించినదై ఉండాలి, సైటులో అతికించింది ఒప్పుకోవద్దు. బెండ్ దగ్గరి అంకె, లూప్ దిగాక నేల దగ్గర కనిపించే అంకె, రెండూ ఫొటో తీయాలి. తేడా 110 ఉండాలి, 92 కాదు.

హెచ్‌డీపీఈ నీళ్లలో తేలుతుంది. ఖాళీ పైపును నీళ్లున్న బోరులోకి తోస్తే పైకి తన్నుకొస్తుంది, కుర్రాళ్లు బలవంతంగా తొక్కుతారు, మడత పడుతుంది. పైపును ముందే నీళ్లతో నింపి, అడుగున ఇనుప బరువు కట్టి దించాలి. దించేముందు ఒకసారి, దించాక ఒకసారి ఒత్తిడి పరీక్ష. గ్రౌట్ పోసేటప్పుడు కూడా పైపులో ఒత్తిడి అలాగే ఉంచాలి, గ్రౌట్ బరువుకు పైపు నొక్కుకుపోకుండా. గ్రౌట్ పైనుంచి పోయడం కాదు: లూప్‌తోపాటే ఇంకో సన్నని పైపు అడుగుదాకా దించి, కిందినుంచి పైకి నింపుకుంటూ రావాలి. కలిపిన చిక్కదనమే నేల మీద పొంగి వచ్చేదాకా ఆపకూడదు. ముందు పలచగా, బురదగా వచ్చేది బోరులోని పాత నీరు. దాన్ని చూసి 'నిండింది' అనేస్తే లోపల ఎంత ఖాళీ ఉందో ఎవరికీ తెలియదు.

బోర్ల తవ్వకాన్ని నియంత్రించే వాల్టా చట్టం కింద అనుమతి, రిజిస్టరైన రిగ్గు ఎవరి బాధ్యతో కొటేషన్‌లో రాయించుకోండి. 'మేం నీళ్లు తీయం కదా' అనేది వీధిలో జనం పోగైనప్పుడు ఉపయోగపడే వాదన కాదు.

'కావాలంటే అదనం' అన్న పరీక్ష

థర్మల్ రెస్పాన్స్ టెస్ట్ అసలు అదనం కాకూడనిది. మొదటి బోరు పూర్తయ్యాక మూడు నుంచి ఐదు రోజులు వదిలేసి, వేడి చేయకుండా నీటిని ఓ పావుగంట తిప్పితే రాతి అసలు ఉష్ణోగ్రత తెలుస్తుంది. 29 అని పైన అనుకున్నాం కదా, దాన్ని నిజంగా కొలిచేది ఇక్కడ. తర్వాత హీటరు వేసి 48 గంటలు ఒకే శక్తితో వేడి పంపుతూ పోయే నీరు, వచ్చే నీరు రాసుకుంటారు. 110 మీటర్ల బోరుకు 6.6 కిలోవాట్లు, అంటే మీటరుకు 60 వాట్లు. కాలాన్ని లాగరిథమ్‌లో వేస్తే గ్రాఫు తిన్నని గీత అవుతుంది. ఆ గీత వాలు 1.6 అయితే 60ని 12.57 రెట్లు 1.6తో భాగించాలి, వాహకత 3 వస్తుంది. మొదటి 10-12 గంటల అంకెలు బోరు లోపలి గ్రౌట్‌వి, వాటిని తీసేయాలి. వాలు రాతిని చెబుతుంది, గీత ఎంత ఎత్తున ఉందన్నది బోరు నిరోధాన్ని చెబుతుంది. అంటే గ్రౌట్ ఎలా పోశారో ఈ పరీక్ష పట్టిస్తుంది. దాన్ని అదనం కింద ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

సైటులో తాత్కాలిక కనెక్షన్ మీద ఈ పరీక్ష చేస్తే పాడవుతుంది. రాత్రి వోల్టేజీ పెరుగుతుంది, హీటరు శక్తి మారుతుంది, గీత వంకర పోతుంది. మంచి జనరేటరో స్టెబిలైజరో ఉండాలి. రిపోర్టులో ఉష్ణోగ్రతతో పాటు శక్తి గ్రాఫు కూడా లేకపోతే ఆ రిపోర్టు చెల్లదు.

ఏటేటా పేరుకునే వేడి

కొటేషన్‌లో అసలు ప్రస్తావనే లేని విషయం ఇది. ఏడాదికి 1,500 గంటల పూర్తి లోడు అనుకుంటే బోర్లలోకి దిగేది 33,000 యూనిట్ల వేడి. బోర్ల మధ్య 6 మీటర్ల దూరంతో చతురస్రంగా వేస్తే ఆ నాలుగింటి వాటాకు వచ్చే రాయి 12 మీటర్ల వెడల్పు, 12 పొడవు, 110 లోతు: 15,840 ఘనపు మీటర్లు. గ్రానైట్ ఘనపు మీటరును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 2.2 మెగాజౌళ్లు కావాలి. వేడి ఎటూ పోకపోతే ఆ రాయి ఏడాదికి 3.4 డిగ్రీలు పెరుగుతుంది. నిజానికి చాలా భాగం పక్కలకు పోతుంది, కాబట్టి పెరుగుదల ఇంతకంటే బాగా తక్కువ. కానీ సున్నా మాత్రం కాదు. చల్లని దేశాల్లో చలికాలం ఇల్లు వెచ్చబరచడానికి ఆ వేడిని వెనక్కి తీసేస్తారు. హైదరాబాద్ జనవరిలో మనం తీసేది ఏముంది?

డీసూపర్‌హీటర్ ఆ పని చేస్తుందని బ్రోషర్ అంటుంది. రోజుకు 200 లీటర్లను 28 నుంచి 50కి వేడి చేయడానికి 5 యూనిట్లు. రోజూ బోర్లలోకి పోయేది 176. మూడు శాతం. గీజరు బిల్లు తగ్గుతుంది, అందుకోసం పెట్టుకోవచ్చు. రాతిని చల్లబరుస్తుందంటే మాత్రం నమ్మొద్దు. హోటలుకో ఆసుపత్రికో అయితే ఈ లెక్క పూర్తిగా వేరు, అక్కడ వేడినీళ్ల వాడకమే రాతిని కాపాడుతుంది.

ఇంటికి పనికొచ్చే ఉపాయాలు రెండు. బోర్లను చతురస్రంగా కాకుండా సెట్‌బ్యాక్ వెంట ఒకే వరసలో వేయడం. 9 మీటర్లకు 18 మీటర్ల 200 గజాల స్థలంలో అది ఆ మూల నుంచి ఈ మూల దాకా సరిగ్గా పడుతుంది, వేడి రెండు పక్కలకూ పోతుంది. రెండోది, లూప్‌కు ఒక డ్రై కూలర్ (ఫ్యాన్ గాలితో నీటిని చల్లార్చే రేడియేటర్) జతచేసి డిసెంబరు, జనవరి రాత్రుల్లో కంప్రెసర్ ఆపి నీటిని మాత్రం తిప్పడం. బయట 15-18 డిగ్రీల గాలి ఊరికే దొరుకుతుంది.

పంపు గురించి ఒక్క మాట. ఈ వ్యవస్థకు సెకనుకు లీటరు నీరు, పది మీటర్ల హెడ్డు లోపు చాలు. 250 వాట్ల సర్క్యులేటర్ సరిపోతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 750 వాట్లు, కంప్రెసర్ తినేదాంట్లో ఆరోవంతు. 4 ఉన్న సీఓపీ పంపు కలిపితే 3.4 అవుతుంది, చిన్న పంపుతో 3.8 దగ్గర నిలుస్తుంది. అదీ యంత్రం ఆగినా పంపు తిరుగుతూ ఉండకపోతే.

డబ్బు లెక్క

ఏడాదికి 26,400 యూనిట్ల చల్లదనం. పాత స్ప్లిట్‌లతో సగటు సీఓపీ 3.5 అనుకుంటే 7,540 యూనిట్ల కరెంటు, బాగా చేసిన ఈ వ్యవస్థకు 4.2 అనుకుంటే 6,290. మిగిలేది 1,250 యూనిట్లు. పది రూపాయలు వేసుకున్నా 12,500. ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ స్ప్లిట్‌ల ఐసీర్ (ఏసీ స్టిక్కరు మీద వేసే సీజన్ సగటు సామర్థ్యం) ఇప్పుడు 5 దాటింది, వాటితో పోల్చితే ఆ పొదుపూ అనుమానమే. మేలో ఇది గెలుస్తుంది, వానాకాలంలో సమానం, చలికాలం రాత్రి స్ప్లిటే నయం. 1,440 అడుగులను మీ పేటలో నడుస్తున్న బోరు రేటుతో గుణించుకోండి. 300 అడుగులు దాటాక రేటు పెరిగే స్లాబు కూడా కలపండి. దాని మీద లూప్, గ్రౌట్, పరీక్ష, యంత్రం. 12,500తో భాగిస్తే వచ్చేది పిల్లల చదువులు పూర్తయ్యేంత కాలం.

నీటిని కొంత ఆవిరి చేసి మిగతాదాన్ని చల్లబరిచే కూలింగ్ టవరుతో పోలిస్తేనే దీని అసలు లాభం కనిపిస్తుంది. మన పొడి వేసవిలో టవరు 30 డిగ్రీల నీటిని ఇచ్చి రాతిని ఓడిస్తుంది. కానీ ఈ 5 టన్నులకు గంటకు 33 లీటర్లు ఆవిరి, పైగా గట్టినీళ్ల సున్నం పేరుకోకుండా పారబోసేది. పది గంటలకు 400 లీటర్లు దాటుతుంది. ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీలో అది కుదిరే పని కాదు. నీళ్లు తాగకుండా, మేడ మీద ఫ్యాన్ల మోత లేకుండా, పక్కింటి కిటికీలోకి వేడి ఊదకుండా పనిచేసే ఏసీ కావాలనుకునేవాళ్లకు, ఇంకా పునాది తీయని స్థలం ఉన్నవాళ్లకు ఇది సరే. కట్టిన ఇంటికి రిగ్గే లోపలికి రాదు.

బోరు నీళ్లు ఒకదాంట్లోంచి తోడి ఇంకోదాంట్లో పోసే ఓపెన్ లూప్‌ను ఇదే కంపెనీ తక్కువ ధరకు చూపిస్తుంది. మన గట్టినీళ్లకు రెండు వేసవుల్లో హీట్ ఎక్స్ఛేంజర్ సున్నం పట్టి మూసుకుపోతుంది. ఆ పేజీ తిప్పేయొచ్చు.

సంతకానికి ముందు కొటేషన్‌లో మార్పించాల్సినవి: నాలుగున్నర అంగుళాల బోరు, ఇసుక కలిపిన గ్రౌట్ లీటర్లలో, మొదటి బోరు మీద పరీక్ష చేశాకే మిగతావాటి లోతు నిర్ణయం, 250 వాట్ల పంపు, ఒక్కో లూప్‌కు విడి వాల్వు. గాలి తీయడానికి ఒక్కో లూప్‌ను విడిగా సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పావుగంటైనా కడగాలి, వాల్వులు లేకుండా అది కుదరదు. బోర్ల చోట్లు ప్రహరీ నుంచి కొలతలతో గీసిన నక్షా కూడా అడగండి. ఐదేళ్ల తర్వాత సంపు తవ్వే మేస్త్రీకి అదే దిక్కు.

50 ఏళ్ల పైపు వారంటీ బదులు ఒక వాక్యం రాయించుకోగలిగితే మేలు: ఐదో ఏట మే నెలలో కూడా యంత్రానికి వచ్చే నీరు 37 డిగ్రీలు దాటదని. హెడరు (లూప్‌లన్నీ కలిసే పెద్ద పైపు) మీద పోయే పైపుకొకటి, వచ్చే పైపుకొకటి థర్మామీటర్లు బిగించి ఉంటాయి. ఏటా మే 20న మధ్యాహ్నం 3 గంటలకు ఆ రెండంకెలు పంపు గది తలుపు మీద పెన్సిల్‌తో రాయండి. రెండింటి మధ్య తేడా ఐదారు డిగ్రీలు ఉండాలి. తేడా పెరిగితే ప్రవాహం తగ్గింది, ఫిల్టరో పంపో చూసుకోవాలి. తేడా అంతే ఉండి రెండూ ఏటా పైకి జరుగుతుంటే రాయి వేడెక్కుతోంది, డ్రై కూలర్ పెట్టాల్సిన సమయం వచ్చింది.